చిన్నమ్మ రసీదులు, చిన్నాయన కన్నీళ్లు: ఒక కథ చదివినంక

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివిన, ఒకసారి మిర్యాలగూడ బస్సుల, ఇంకోసారి ఇంట్ల చాయ్ తాగుకుంట. చిన్నాయన తాగి తాగి లివర్ ఖరాబయి ఆస్పత్రి మంచం మీద పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని ఏడుస్తడు, మూడో రోజు పోతడు. చిన్నమ్మేమో ముప్పై ఏండ్లు దశమభాగం, అంటే సంపాదనల పదో వంతు చర్చికి ఇచ్చి రసీదులన్ని ట్రంకు పెట్టెల దాచుకున్న మనిషి. ఇద్దరు పరలోకం గేటు కాడ నిలబడ్తే దూత పుస్తకం తీసి లెక్క చూస్తడు. రసీదుల దాంక మస్తుగుంది, గని ఆ దూత నాకు అచ్చం చిత్రగుప్తుడే అనిపించిండు. బైబిల్ల ప్రకటన గ్రంథం 20ల మనుషుల పనుల లెక్క రాసిన గ్రంథాలు విప్పుడు ఉన్న మాట నిజమే, కాదంటలేను, ఆడనే జీవగ్రంథం అని, బతికేటోళ్ల పేర్లున్నది, ఇంకోటి సుత విప్పుతరు, నువ్వు ఒక్కటే తెరిపిచ్చినవ్.

అసలు ఎవరన్న పరలోకానికి అర్హులా అని నీ కథ అడుగుతున్నది. అడుగనియ్యి. జవాబు మాత్రం నువ్వు చెప్పకు.

నాకు తెలిసిన ఒక ముసలాయన ఉండె, దేవరకొండ దిక్కు ఒక ఊర్ల చర్చి గంట కొట్టేటోడు. చిన్నప్పుడు పటేల్ ఇంట్ల జీతమున్నడు. మన దిక్కు జీతమంటే ఒకటో తారీఖు బ్యాంకుల పడే జీతం కాదు బిడ్డా, ఏడాదికింత అని మాట్లాడుకుని పొద్దున పేడ తీసుడు కాడికెళ్లి రాత్రి బర్లకు గడ్డేసే దాంక చేసుడు, అయినా తెచ్చిన అప్పు తీరది, అయ్యతోని తీరకపోతే కొడుకు జీతముండాలె. ఆయనకు చదువు రాదు, మనుమరాలితోని బైబిల్ చదివిచ్చుకునేటోడు. ఒకనాడు నేను అరుగు మీద కూసున్నప్పుడే రోమా పత్రిక 6:23 వచ్చింది, "పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము". ఆగమన్నడు. మళ్ళ చదువుమన్నడు. "అంటే సావుకేమో జీతముండాలె, బతుకు మాత్రం ఉత్తగనే ఇస్తుండా?" అన్నడు. ఎన్ని ప్రసంగాలు విన్ననో గని ఆ వాక్యం నాకు ఆరోజే సమజైంది. ఆ పత్రిక రాసిన పౌలు జీతానికి వాడిన గ్రీకు మాట సుత సిపాయిలకిచ్చే బత్తెమే అని తర్వాతెప్పుడో చదివిన, ముసలాయనకు అది చెప్పే పనే పడలేదు.

మంచాన పడ్డప్పుడు ఎవరో పిలగాడు "నలభై ఏండ్లు గంట కొట్టినవ్ తాతా, నీకు పరలోకం ఖాయం" అన్నడు. "దానికి నెల నెల పైసలు తీసుకున్న గదరా" అని పండ్లు లేని నోటితోని నవ్విండు.

నీకు కావాల్సింది గసొంటి మాట. అది సంఘంల మనుషుల నోట్లెనే ఉంటది, పోయి విను. ప్రార్థనల అందరు "ఏ యోగ్యత లేని మమ్మల్ని" అని గుక్క తిప్పుకోకుంట అంటరు, గదే మనుషులు సమాధుల కాడ మట్టేసి చేతులు దులుపుకుంట "మంచోడు, తప్పకుండ ప్రభువు దగ్గర్నే ఉంటడు" అంటరు. రెండు నిజంగనే అంటరు, దొంగ మాటేం లేదు. ఆ రెండు మాటల నడుమ సందుల నీ కథ ఉన్నది.

చర్చీల కొట్లాట కథలకు తేకు, తెలుసుకోని మాత్రం పెట్టుకో. మన నల్గొండల కథోలిక ఫాదర్లున్నరు, బాప్టిస్టులున్నరు, పాలమూరు పోతే మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు, ఒక్కొక్కరి మాట ఒక్కో తీరు. 1517ల జర్మనీల లూథర్ అనే సన్యాసి కథోలిక సంఘంతోని మొదలుపెట్టిన లొల్లి ముఖ్యంగ దీని మీదికే వచ్చింది, పరలోకం మన పనుల వల్లనా, దేవుడు ఉత్తగ ఇచ్చే కృప వల్లనా అని. కథోలికులు 1547ల ట్రెంట్ అనే ఊర్ల పెట్టుకున్న వాళ్ల పెద్ద సభల కృప లేనిదే ఎవడు మొదలు సుత పెట్టలేడన్నరు, గని ఆ కృపలుండి చేసిన మంచి పనికి విలువ ఉంటదన్నరు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌ల కథోలికులు, లూథరన్లు కూసోని మా యోగ్యత వల్ల కాదు, కృప వల్లనే అని కలిసి సంతకం పెట్టిన్రు. నాలుగు వందల ఎనభై ఏండ్లు పట్టింది, నీ చిన్నమ్మకు ఒక్క పేజీల ఎట్ల అర్థమైతది చెప్పు.

చిన్నమ్మ కోపాన్ని కూడ తక్కువ చేయకు. మత్తయి సువార్త 20ల ద్రాక్షతోట కూలోళ్లు గుర్తుకు తెచ్చుకో, పొద్దుగాల వచ్చినోళ్లకు దేనారం, అంటే ఒక దినం కూలి, గంట సేపు చేసినోళ్లకు దేనారమే. పత్తి ఏరేటోళ్లను అడుగు, కిలోల లెక్క మీద బతికే మనిషికి ఇది ఎంత అన్యాయంగ కొడ్తదో చెప్తరు. యజమాని "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అంటడు, కడుపుమంట అనే రాసిన్రు మన తెలుగు బైబిల్ల, గంత సూటి మాట. నీ చిన్నమ్మకు ఉన్నది గదే. దాన్ని సణుగుడు లెక్క రాసినవ్, ముప్పై ఏండ్ల ఎండల నిలబడ్డ మనిషి లెక్క రాయి.

మరి పనులకు విలువ లేదా అంటే యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతం అన్నడు, మత్తయి 25ల ఆకలైనోళ్లకు పెట్టినోళ్లే కుడి దిక్కుకు పోతరు. గని అక్కడొక తమాషా చూడు, లోపటికి పోయేటోళ్లు "ప్రభువా, ఎప్పుడు పెట్టినం?" అని అడుగుతరు, వాళ్లకు యాదికే లేదు. అదే మత్తయి ఏడో అధ్యాయంలనేమో "నీ పేరు మీద ప్రవచించలేదా, దయ్యాలు వెళ్లగొట్టలేదా" అని లిస్టు చదివినోళ్లను పొమ్మంటడు.

గందుకే గేటు సీను మొత్తం కొట్టేయి. చిన్నాయన పోయినంక ఇంటోళ్లను ఓదార్చనీకి పెట్టే ఆదరణ కూడిక కాడ ఆపు, షామియానా కింద అందరు అన్నం తిన్నంక చిన్నమ్మ లోపటికి పోయి ట్రంకు పెట్టె తీస్తది, రసీదులు చేతికి తీసుకుంటది. తర్వాత ఏం చేస్తదో నాకు చెప్పకు, రాసి పంపు. క్రిస్మస్ లోపల పంపితే మంచిది, జనవరిల నాకు కంటి ఆపరేషన్ ఉన్నది.

నీ సారు