రాబందు నల్లటిది కాదు, అమ్మలూ

అమ్మలూ,

మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాలో నువ్వు తీసిన రాబందుల ఫోటోలు నిన్న రాత్రి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. రెక్కలు పూర్తిగా విప్పుకున్న క్షణాలు బాగా పట్టావు. వేళ్లలా విడిపోయిన ఈకల చివరలు కూడా స్పష్టంగా వచ్చాయి. కానీ మీ అత్తయ్య నా భుజం మీంచి చూసి "గద్దలా, రాబందులా?" అని అడిగితే ఫోటో చూపించి జవాబు చెప్పలేకపోయాను. నల్ల కాగితం కత్తిరించి తెల్లటి ఆకాశం మీద అంటించినట్టుంది ప్రతి పక్షీ. కన్ను లేదు, ముక్కు రంగు లేదు, మెడ ఎక్కడ మొదలైందో తెలీదు. "రాబందు నల్లటిదే కదా మామయ్యా" అని రాశావు. కాదు తల్లీ. దాన్ని నల్లగా చేసింది నీ కెమెరా.

ఓర్ఛా ఛత్రీల (పాత రాజుల స్మారక మందిరాల) మీద గూళ్లు పెట్టేది పొడవు ముక్కు రాబందు. ఒళ్లు లేత గోధుమ రంగు, రెక్క కింద ముందు భాగం కూడా లేతగానే ఉంటుంది. వెనకవైపున్న పొడవాటి ఈకలే ముదురు రంగు. మెడ మొదట్లో తెల్లటి నూగు ఉంటుంది. తెల్లవీపు రాబందు ఇంకోలా ఉంటుంది: ఒళ్లు దాదాపు నలుపు, రెక్క కింద ముందు అంచున పొడుగ్గా తెల్లటి పట్టీ. ఈ రెండింటికీ తేడా తెలిసేది రెక్క అడుగునే. నీ ఫోటోలో మసైపోయింది సరిగ్గా ఆ చోటే.

ఎందుకింత పట్టింపు అంటావేమో. మా చిన్నప్పుడు ఆసిఫాబాద్ వైపు గొడ్డు చచ్చిపోతే ఊరి బయట పడేసేవాళ్లు. మధ్యాహ్నానికల్లా ఆకాశంలో ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కపెట్టలేనన్ని. అన్ని ఉండేవి కాబట్టే ఎవరూ ఫోటో తీయలేదు. నేను తీసింది ఒక్కటే, 1988లో, పెద్దవాగు మీద తిరుగుతున్న దాన్ని, స్లైడ్ ఫిల్ము మీద. ఇప్పటికీ నా దగ్గరుంది. పూర్తిగా నలుపు. స్లైడులో నీడ ఒకసారి పోతే పోయినట్టే, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. అది ఏ జాతి రాబందో ఇవాళ నేను చెప్పలేను, ఆ స్లైడూ చెప్పలేదు. తొంభైల్లో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. మన దేశంలో పొడవు ముక్కువీ, తెల్లవీపువీ నూటికి తొంభై అయిదుకు పైగా పోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. అప్పటికి మా ఆకాశం ఖాళీ. 2013లో మా ఆసిఫాబాద్ వైపే ఉన్న బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అందుకే, ఆ పక్షి నీ కెమెరా ముందుకు వచ్చినప్పుడు దాన్ని అదిగా గుర్తుపట్టేలా తీయి. ఆకాశం ఎలా వచ్చినా పర్వాలేదు.

ఇక పని సంగతి. కెమెరాలోని మీటరుకి పక్షి తెలీదు. ఎదురుగా కనిపించే వెలుగంతా కలిపి, అది మధ్యస్థంగా, బూడిద రంగులో పడేలా లెక్క వేస్తుంది. నీ ఫ్రేములో ముప్పాతిక పైన తెల్లటి ఆకాశమే. దాన్ని బూడిద రంగుకు దించాలని మొత్తం వెలుగు తగ్గించేసింది, దాంతో రాబందు చీకట్లోకి పోయింది. ఆటోమేటిక్ పద్ధతిలోనే తీయాలనుకుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే మీటరు లెక్కకు మనం కలిపే వెలుగు, పెంచు. ముదురు నీలి ఆకాశమైతే ముప్పావు స్టాపో, ఒకటో చాలు (ఒక స్టాపు పెంచడమంటే వెలుగు రెట్టింపు చేయడం). తెల్లని మబ్బు పట్టి ఉంటే రెండు దాకా, ఒక్కోసారి ఇంకొంచెం కూడా వెళ్లాలి.

నేనైతే మాన్యువల్లోనే, అంటే అంకెలన్నీ నేనే పెట్టి, తీస్తాను, నువ్వూ అదే అలవాటు చేసుకో. పక్షి ఆకాశం ముందు నుంచి కోట గోడ ముందుకు వచ్చినా దాని మీద పడే ఎండ అదే. వెనక ఉన్నది మారినప్పుడల్లా ఆటోమేటిక్ లెక్క మారిపోతుంది, మాన్యువల్లో మారదు. మొదటి లెక్క ఎక్కణ్ణుంచి తేవాలంటే, ఫిల్ము రోజుల సూత్రం ఒకటుంది. ఎండ నిండుగా ఉన్నప్పుడు అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే కంత) ఎఫ్ 16 పెడితే షట్టర్ (అది తెరిచి ఉండే సెకను భాగం) ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) అంకె ప్రకారమే: ఐఎస్ఓ 400కి 1/400. దాన్ని ఎఫ్ 8కి తెస్తే 1/1600. ఇది ఎండ నేరుగా తగిలే వస్తువుకి. రెక్క అడుగు నీడలో ఉంటుంది కాబట్టి ఇంకో రెండు స్టాపులు ఇవ్వాలి: ఎఫ్ 5.6, 1/1600, ఐఎస్ఓ 800. చలికాలం పొద్దున్న ఎండ పల్చగా ఉంటుంది, అప్పుడు ఐఎస్ఓ ఇంకా పెంచు. ఈ అంకెలతో నాలుగు తీసి వెనక తెరలో చూడు. వెలుగు ఎక్కువై వివరం పోయిన చోట తెర మినుకుమంటుంది. ఆకాశం అలా మినుకుమినుకుమంటే మననివ్వు. మెడ దగ్గర తెల్లటి నూగు మినుకుమంటే మాత్రం కాస్త తగ్గించు. నేను చూసుకునే కొండగుర్తు ఆ నూగే.

ఐఎస్ఓ పెంచితే ఫోటోలో గరుకు (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని భయపడి తగ్గించుకుంటున్నావని నీ ఫోటోల వివరాల్లో కనిపించింది. తక్కువ వెలుగులో తీసి, తర్వాత కంప్యూటర్లో నీడలు లేపితే వచ్చే గరుకు అంతకంటే చెడ్డది. తీసేటప్పుడే వెలుగివ్వు. రా ఫైలు, అంటే కెమెరా సరిచేయని మూల ఫైలు, తప్పకుండా ఉంచుకో, జేపెగ్‌లో నీడల్లో మిగిలేది చాలా తక్కువ.

అసలు సగం పని అంకెల్లో లేదు, నిలబడే చోటులో ఉంది. నువ్వు పొద్దున్న ఛత్రీల పక్కనే నిలబడి నది వైపు తీశావు. సూర్యుడు అటే. వంతెన దాటి బేత్వా నది అవతలి ఒడ్డుకు వెళ్తే పొద్దున్న ఎండ నీ వీపు మీద పడుతుంది, ఛత్రీల మీదా వాటి చుట్టూ తిరిగే పక్షుల మీదా నీ వైపు నుంచే వెలుగు పడుతుంది. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే అది రెక్క అడుగుకు చేరుతుంది. నడినెత్తిన ఉంటే రెక్కే గొడుగు. అయితే బరువైన ఈ పక్షులు నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా కదలవు. చలికాలంలో తొమ్మిది దాటాలి. ముందే వెళ్లి కూర్చో. మొదటి గాలి దొరికి అవి గూడు ఎత్తులోనే చుట్టు తిరిగే అరగంట ఉంటుంది చూడు, అదే నీది. తర్వాత చుక్కలైపోతాయి. అంత దూరంలో ఎంత పెద్ద లెన్సు పెట్టినా మధ్యలో ఉడికే గాలి ఫోటోను చెరిపేస్తుంది.

ఇంకో వెలుగు కూడా ఉంది, కింద నుంచి వచ్చేది. నీళ్ల మీదా, ఇసుక మీదా, తెల్లటి రాతి మీదా పడ్డ ఎండ తిరిగి పైకి కొట్టి రెక్క అడుగును వెలిగిస్తుంది. అడవి మీద ఎగిరేటప్పుడు అది ఉండదు. అందుకే పక్షి నది మీదికి వచ్చేదాకా ఆగు. వీలైతే కోటలోని జహాంగీర్ మహల్ పై అంతస్తులకు ఎక్కు, అక్కడ కొన్ని నీ కంటి ఎత్తులోనే పోతాయి, వెనక ఆకాశానికి బదులు చెట్లు వస్తాయి.

మలుపు కోసం చూడు. చుట్టు తిరిగే రాబందు ఒక చోట ఎండ వైపు ఒరుగుతుంది. ఆ క్షణాన రెక్క మొత్తం వెలుగుతుంది, లేత రంగూ ముదురు రంగూ విడిపోతాయి. రెండు చుట్లు ఊరికే చూస్తే ఆ చోటు ఎక్కడో తెలిసిపోతుంది. మూడో చుట్టులో అక్కడ మీట నొక్కు. అరవై ఫోటోలు వరసగా కొట్టేకంటే ఇదే మేలు.

ఫోకస్ గురించి రెండే మాటలు. వెదికేటప్పుడు ఖాళీ ఆకాశంలో లెన్సు పిచ్చిగా ముందుకూ వెనక్కూ పోతుంది, కాబట్టి ముందు అదే దూరంలో ఉన్న ఛత్రీ శిఖరం మీద ఫోకస్ పెట్టి తర్వాత పైకెత్తు. పట్టాక పక్షి కదిలినా వదలకుండా వెంటాడే ఎడతెగని ఫోకస్‌లో ఉంచి, మోచేతులు పక్కలకు ఆనించి, నడుం దగ్గర తిరుగు. గాల్లో తేలేటప్పుడు 1/1600 చాలు. రెక్క కొట్టి లేచేటప్పుడు 1/2500 కావాలి.

పక్షి సూర్యుడి వైపు పోతుంటే కెమెరా నుంచి కన్ను పక్కకు తీసెయ్. పెద్ద లెన్సులోంచి నేరుగా సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది, ఎంత మంచి ఫోటో వచ్చేలా ఉన్నా సరే. ఇది నా ఆజ్ఞ అనుకో.

నవంబరు నుంచి మార్చి దాకా గూళ్లలో గుడ్డో పిల్లో ఉంటుంది. ఏడాదికి ఒక్క గుడ్డే. ఛత్రీ మెట్లెక్కి దగ్గరికి పోకు, తల్లి లేస్తే ఆ ఒక్కటీ ఎండకో కాకులకో పోతుంది. ఓర్ఛా అందరికీ తెలిసిన చోటే, ఫర్వాలేదు. బెజ్జూరు లాంటి చోటికి ఎప్పుడైనా వెళ్తే అటవీ శాఖ అనుమతితోనే వెళ్లు, గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పకు.

మళ్లీ ఓర్ఛా వెళ్లేదాకా ఆగక్కర్లేదు. మీ ఇంటి దగ్గర మాంసం కొట్ల మీద నల్ల గద్దలు తిరుగుతుంటాయిగా. పేరుకు నల్లవే కానీ ముదురు గోధుమ రంగు, తోక మీద సన్నటి అడ్డచారలుంటాయి. తెల్లటి మబ్బు రోజున తీసి, ఆ చారలు లెక్కపెట్టగలిగేలా వచ్చిన ఒక్క ఫోటో పంపు. రా ఫైలే పంపు, సరిచేసింది వద్దు. నీ అంకెలు నేను చూడాలి.

మామయ్య