బాండ్ పేపర్ మీద సంతకం పెట్టినా పరిహారం పోదు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. నా భర్తకు 35 ఏళ్లు. నాగ్‌పూర్ దగ్గర రోడ్డు పనిలో డోజర్ ఆపరేటర్, జీతం 28 వేలు. 2025 ఫిబ్రవరిలో మట్టి తోస్తుంటే కట్ట అంచు జారి డోజర్ బోల్తా పడింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. సబ్ కాంట్రాక్టరు ఆస్పత్రికి 50 వేలు కట్టి, ఇక ఏమీ అడగబోమని బాండ్ పేపర్ మీద సంతకం పెట్టించుకున్నాడు. అంచుకు తోలడం ఆయన తప్పే అంటున్నాడు. పెద్ద కంపెనీ మా మనిషే కాదంటోంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. ఆ సంతకం గురించి టెన్షన్ పడకండి. పరిహారం వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం చెల్లదని ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 17వ సెక్షన్ చెబుతోంది. కాలు పోయి మంచం మీదున్న మనిషి చేత ఇలాంటి కాగితాలు రాయించుకోవడం అన్యాయం. 2025 నవంబర్ 21 నుంచి ఈ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. మీ ప్రమాదం అంతకుముందుది కాబట్టి మీకు పాత చట్టమే వర్తిస్తుంది.

తప్పు ఆయనదే అన్న మాట ఇక్కడ నిలవదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలిందని తేలితే చాలు. పనిని సబ్ కాంట్రాక్టుకిచ్చిన పెద్ద కంపెనీ కూడా 12వ సెక్షన్ కింద బాధ్యత వహించాలి. ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి. పనివాళ్లకు పాలసీ తీసుకుని ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీని కూడా.

అసలు పోరాటం డబ్బు లెక్క దగ్గరే ఉంటుంది. ఏ గాయానికి ఎంత శాతం నష్టమో చెప్పే చట్టంలోని షెడ్యూలు చూపించి సగం నష్టమే అని వాదిస్తారు. ఒప్పుకోకండి. చాలా డోజర్లలో వేగం తగ్గించే డిసెలరేటర్ పెడల్ కుడికాలితోనే తొక్కాలి, ట్రాక్ మీద కాలు మోపి క్యాబిన్‌లోకి ఎక్కాలి. ఇక ఆ పని చేయలేడని డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. సదరం (వైకల్య) సర్టిఫికెట్‌లోని శాతం ఒక్కటే చాలదు. ఎడమచెయ్యి పోయిన వడ్రంగికి నూరు శాతం నష్టం కింద పరిహారం ఇవ్వడం సరైనదేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది.

జీతం 28 వేలైనా చట్టం 15 వేల వరకే లెక్కలోకి తీసుకుంటుంది. నూరు శాతం నష్టమని తేలితే, అందులో 60 శాతం 9,000. దాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టంలో ఉన్న గుణకం 197.06తో గుణిస్తే రూ.17,73,540. నెలలోపు ఇవ్వలేదు కాబట్టి ఏడాదికి 12 శాతం వడ్డీ వస్తుంది. సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా పెనాల్టీ పడొచ్చు. వైద్యం ఖర్చు వేరు. ఆస్పత్రికి కట్టిన 50 వేలు పరిహారంలో కోయకూడదు.

నాగ్‌పూర్ తిరగక్కర్లేదు. మీరుండే ప్రాంతానికి సంబంధించిన పరిహార కమిషనర్ దగ్గరే, అంటే మన కార్మిక శాఖ అధికారి దగ్గరే వేయొచ్చు. గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు.

ఐడీ కార్డు లేదని భయపడకండి. రోజూ అవర్ మీటర్ (యంత్రం నడిచిన గంటలు చూపేది) రీడింగ్ రాసి సూపర్‌వైజర్ సంతకం చేసిన లాగ్ షీట్లు, ఖాతాలో జీతం పడిన స్టేట్‌మెంట్, ఆస్పత్రి కేస్ షీట్ వెతికి పెట్టండి. ఆయన పాత ఫోన్‌ను మాత్రం అమ్మకండి, రీసెట్ చేయించకండి. ఆ లాగ్ షీట్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఉంటే, ఆయన ఎవరి దగ్గర పనిచేశాడో అవే చెబుతాయి.