జెండర్ మార్కర్‌లో 1 వేయాలంటే ఏం చూపాలి?

ప్రశ్న: మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. నాలుగు ఊళ్లలో ఇంటింటికీ కుళాయిలు వేయడానికి విదేశీ నిధులకు దరఖాస్తు పెట్టాం. జెండర్ మార్కర్ దగ్గర 1 వేసి, ‘లబ్ధిదారుల్లో 60 శాతం మహిళలు’ అని రాశాం. చాలదని తిప్పి పంపారు. ఎక్కడ తప్పాం?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: మీరు తలలు లెక్కపెట్టి ఊరుకున్నారు. ఈ మార్కర్ ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) అభివృద్ధి సహాయ కమిటీది. ప్రాజెక్టుకు ఆడా మగా సమానత్వం లక్ష్యం కాకపోతే 0, లక్ష్యాల్లో ఒకటైతే 1, అదే ముఖ్య లక్ష్యమైతే 2 వేస్తారు. ఆడా మగా తేడాను తగ్గించడం ప్రాజెక్టు లక్ష్యాల్లో ఉందా లేదా అన్నదే దానికి కావాలి. 1 వేయాలంటే ముందు ఊళ్లో ఎవరి పరిస్థితి ఏమిటో విశ్లేషించాలి. తేలిన విషయం ప్రాజెక్టు రూపకల్పనలో కనిపించాలి, ఉన్న అసమానత పెరగకూడదు. కనీసం ఒక స్పష్టమైన సమానత్వ లక్ష్యం, దాన్ని కొలిచే సూచిక ఒకటి ఉండాలి. లెక్కలు ఆడ, మగ విడివిడిగా తీయాలి. ఫలితాలు నివేదిస్తామని రాయాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా 1 రాదు.

మీకు సరిపోయే లక్ష్యం నీళ్లు మోసే భారం తగ్గించడం. సూచిక, నీళ్ల కోసం రోజుకు పట్టే నిమిషాలు. పైపులు వేయకముందే ఈ లెక్క తీయండి. చాలామంది పని అయ్యాక అడుగుతారు. అప్పుడు ‘గంటలు పట్టేది’ అనే జవాబు తప్ప అంకె రాదు. 2019లో మన దేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే పద్ధతి వాడుకోవచ్చు: తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా, అరగంటకో గడి, ఆ అరగంటలో ఏం చేశారో అందులో రాస్తారు. జీతంలేని ఇంటిపనికి, ఆ పని చేసేవారిలో, ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 పడుతున్నాయని అందులో తేలింది. కాబట్టి మగవాళ్లనూ అడగండి. కుళాయి వచ్చాక ఆడవాళ్లకు ఆదా అయిన సమయం మరో ఇంటిపనిలోకే పోతోందేమో కూడా చూడండి.

నీటి కమిటీలో సగం మంది మహిళలని గొప్పగా రాయకండి, జల్ జీవన్ మిషన్ నిబంధనే అది. నీళ్లు ఎన్ని గంటలకు వదలాలో ఎవరు తేలుస్తున్నారో రాయండి.

ప్రశ్న: 2 వేస్తే నిధులు త్వరగా వస్తాయా?

జవాబు: ఇవి పరీక్ష మార్కులు కావు. సమానత్వ లక్ష్యం తీసేస్తే ప్రాజెక్టే ఉండదన్నప్పుడే 2. కుళాయిలు అది లేకపోయినా వేస్తారు. 0 వేయడంలో తప్పేం లేదు. ఖాళీగా వదిలితే మాత్రం అసలు పరిశీలించలేదని అర్థం. అన్నట్టు, 1 పడితే ప్రాజెక్టు సొమ్మంతా సమానత్వ సహాయం ఖాతాలోకే వెళుతుంది, అందుకు ఖర్చయ్యేది పదో వంతే అయినా. దాతల దేశాలు చెప్పే మొత్తాలను అందుకే మేం కాస్త తగ్గించి చదువుతాం.