సీబీఎస్ఈ పదో తరగతిలో 92 మార్కులకు ఏ1 ఎందుకు రాకపోవచ్చు?

సీబీఎస్ఈ పదో తరగతిలో గ్రేడు మార్కుల శ్రేణిని బట్టి కాదు, ఆ సబ్జెక్టులో ఉత్తీర్ణులైన వారందరిలో విద్యార్థి స్థానాన్ని బట్టి వస్తుంది.

ఉత్తీర్ణులను మార్కుల వరుసలో నిలబెట్టి ఎనిమిది సమాన భాగాలు చేస్తారు. మొదటి భాగానికి ఏ1, రెండోదానికి ఏ2, అలా చివరి భాగానికి డీ2. తప్పినవారికి ఈ. అందుకే గ్రేడు సరిహద్దు ప్రతి సబ్జెక్టుకూ, ప్రతి ఏడాదీ మారుతుంది. సమాన మార్కులు వచ్చినవారిని మాత్రం విడదీయరు, అందరికీ ఒకటే గ్రేడు. ఇది న్యాయమైన ఏర్పాటే.

ఉదాహరణకు ఒక సబ్జెక్టులో 8,000 మంది ఉత్తీర్ణులయ్యారనుకుందాం. మొదటి వెయ్యి మంది 93 దగ్గర ముగిస్తే, మార్కుల పత్రంలో 92 పక్కన ఏ2 అని ఉంటుంది. ప్రశ్నపత్రం కఠినంగా ఉండి ఆ వెయ్యి మంది 84 దగ్గరే ముగిస్తే, 85 పక్కనే ఏ1 కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఒకే ఇంట్లో ఒకరు రాష్ట్ర సిలబస్, ఇంకొకరు సీబీఎస్ఈ చదువుతుంటారు. తెలంగాణ పదో తరగతిలో, రెండో భాష మినహా, 91 నుంచి 100 వరకు ఎవరికి వచ్చినా ఏ1 ఖాయం. అదే కొలతతో సీబీఎస్ఈ పత్రాన్ని చూసి, గ్రేడు తప్పు పడిందని కంగారుపడి పునఃపరిశీలనకు పరుగెత్తుతారు. తప్పేమీ లేదు, పిల్లవాడి 92 అలాగే ఉంది. రెండు బోర్డుల పిల్లలను పోల్చాలనుకుంటే గ్రేడును పక్కనపెట్టి మార్కులే చూడండి.