షూటింగ్ ఊరు మారిస్తే సీరియల్ మారిపోతుందా? చూసేవాళ్ళకు తెలుస్తుందా?

తెలుస్తుంది. ఇంగ్లీషు ముక్క రాని మా జేజికే తెలిసింది.

కర్నూల్లో మా ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తలో నాకు 'ఎక్స్ ఫైల్స్' పిచ్చి పట్టింది. దయ్యాలు, గ్రహాంతరవాసుల కేసుల వెంటబడే అమెరికా సీరియల్ అది. జేజి దాన్ని 'టార్చిలైట్ల సీరియల్' అనేది. కథతో ఆమెకు పని లేదు, వాన కోసం చూసేది. తడిసిన రోడ్లు, పొగమంచు, చీకటి చెట్లు. కథలో అమెరికాలో ఏ ఊరైనా కావచ్చు, తీసిందంతా కెనడాలోని వాంకూవర్ చుట్టుపక్కలే. ఎండాకాలం ఫ్యాను కింద కూడా ఒళ్ళు మండుతుంటే, ఆ వాన చూస్తే చల్లగా ఉంటాదని ఆమె లెక్క. కరెంటు పోతే మాత్రం సీరియల్ వాళ్ళనే తిట్టేది.

ఐదో సీజన్ చివరి ఎపిసోడ్ 1998 మేలో వచ్చింది, పేరే 'ది ఎండ్'. వాంకూవర్‌కు అది వీడ్కోలు. చదరంగం పోటీ సీను ఆ ఊరి హాకీ స్టేడియంలో తీస్తే, జనంలో కూర్చోడానికి ఊరోళ్ళు వేలమంది వచ్చినారు. ఆఖర్న కథలో హీరో మల్డర్ ఆఫీసు కాలిపోతుంది. ఆ తర్వాత షూటింగ్ మూటాముల్లె సర్దుకొని లాస్ ఏంజెలెస్‌కు. మల్డర్ వేషం వేసిన డేవిడ్ డుకోవ్నీకి అంతకు ముందేడే నటి టియా లియోనీతో పెళ్ళయింది. షూటింగ్ అక్కడికి మార్పించి పెళ్ళాం దగ్గర ఉండాలనుకోవడం తప్పు కాదులెండి. కానీ టీవీ షోలో కూర్చొని వాంకూవర్ వాన మీద జోకులేసి ఆ ఊరోళ్ళకు కోపం తెప్పించినాడు. వాన మీద జోకులు! ఒక్క ఏడాది మా సీమలో ఉండి చూడమనండి.

ఆరో సీజన్ మొదలైంది. కథ అరిజోనాలో. తెర నిండా కళ్ళు చెదిరే ఎండ. జేజి వక్కాకు నములుతూ కాసేపు చూసి, "ఏమ్రా, వాళ్ళ ఊర్లో గూడా వాన్లు లేవా?" అనింది. తర్వాత ఇంకో వారం చూసి, "ఈ ఎండకు టీవీ ఎందుకు, వాకిట్లో కూచుంటే సాలదా" అని లేచిపోయింది. నాకూ అప్పట్నుంచే కథ పలచబడింది. తప్పు రచయితలది కాదు, ఎండది. పట్టపగలు దయ్యాన్ని చూపిస్తే ఎవరు భయపడతారు?

మన సినిమావాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్తారో. సీమ కథంటే చాలు, తెర నిండా ఎర్రమట్టి. ఆదోని దిక్కు రాండి, నల్లరేగడి ఎంత కావాలంటే అంత చూపిస్తా. 2020 సంక్రాంతికి వచ్చిన మహేష్ బాబు సినిమాకు మా కొండారెడ్డి బురుజును రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టేసినారు. అసలు బురుజు ఊరి నడిమధ్యన ఉంది, జనాన్ని ఆపలేరు, ఒప్పుకుంటా. మరి 2013లో 'బాహుబలి' షూటింగ్ మొదలుపెట్టింది మా ఓర్వకల్లు రాళ్ళ మధ్యనే కదా? మా రాళ్ళేమో ఎవరి రాజ్యానికో పోయినాయి, మా బురుజేమో హైదరాబాదుకు పోయింది.

ఇంకా అనుమానముంటే ఇది చూడండి: 2015లో 'ఎక్స్ ఫైల్స్' మళ్ళీ తీయాలనుకున్నప్పుడు తిరిగి వాంకూవర్‌కే పోయినారు. ఎండ కలిసొచ్చుంటే పోతారా?