అమెరికాలో ఉండి ఇక్కడి పిల్లల చదువుకి సాయం ఎలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటానండి, హెచ్4 వీసా (మావారి ఉద్యోగ వీసా మీద వచ్చిన డిపెండెంట్ వీసా), జాబ్ చేయలేను. ఇండియాలో పేదపిల్లల చదువు కోసం వాలంటీర్‌గా ఏదైనా చేయొచ్చా? డబ్బు ఎక్కువ పంపలేను. – ఓ పాఠకురాలు

జవాబు: డబ్బే ఇవ్వాలని ఏం లేదమ్మా. ఆశా ఫర్ ఎడ్యుకేషన్ అని ఇండియాలో పేదపిల్లల చదువు ప్రాజెక్టులకి డబ్బు సాయం చేసే సంస్థ ఉంది, 1991లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకునే మనవాళ్లు మొదలుపెట్టారు, నడిపేదంతా వాలంటీర్లే, అమెరికాలో చాలా ఊళ్లలో చాప్టర్లు (శాఖలు) ఉన్నాయి. ముందు ఒక మీటింగ్‌కి వెళ్లి కూర్చోండి. పనంటే ఫొటోలు దిగడం కాదు, ఇండియా నుంచి వచ్చిన ప్రాజెక్టు అప్లికేషన్లు చదవాలి, టీచర్ల జీతాలకెంత పుస్తకాలకెంత అని లెక్కలడగాలి, ఫోన్లో మాట్లాడాలి (టైమ్ తేడా కదా, రాత్రిళ్లే కుదురుద్ది), సెలవులకి ఇండియా వచ్చినప్పుడు ఆ స్కూలు చూసి రిపోర్టు రాయాలి. నాకైతే ఈ చివరిదే అన్నిటికన్నా విలువైన పని అనిపిస్తుంది.

మీ వీసాకి, జీతం గానీ ఇంకే ప్రతిఫలం గానీ లేకుండా మామూలుగా అందరూ ఉచితంగా చేసే పనయితే ఇబ్బంది ఉండదు, జీతమిచ్చే పోస్టులో ఊరికే చేస్తానంటే మాత్రం లాయర్ని అడిగాకే.

ఇంకోటి, అక్కడి ఫ్రెండ్స్ దగ్గర వసూలు చేసి మీ ఊరి ట్రస్టుకి నేరుగా పంపేద్దాం అనుకోకండి, విదేశీ విరాళం తీసుకోవాలంటే ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉండాలి, ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంట్‌లోనే పడాలి.