జెల్ ఇంజెక్షన్ కన్నా ముందు ఆ నొప్పి బిళ్ళల సంగతి చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారికి 58 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే శ్రీకాకుళంలో స్టెంట్ వేశారు. పంపింగ్ 35 శాతమే ఉంది. గుండెలోకి జెల్ ఎక్కించి కణాలను బతికిస్తారని చదివాను. అది ఎక్కడ చేస్తారు? మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి బిళ్ళలు వాడుతున్నారు. పది రోజులుగా మూడు దిండ్లు లేనిదే పడుకోలేకపోతున్నారు.

జవాబు: మీరు చివర రాసిన రెండు మాటలే నన్ను కలవరపెట్టాయి. పంపింగ్ తగ్గిన మనిషికి దిండ్లు పెంచుకోవలసి వస్తోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. చూడకుండా నేను నిర్ధారించలేను గానీ, పది రోజులు ఆగవలసింది కాదు. రేపే వైద్యునికి చూపించండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ఈ రాత్రే 108కి ఫోన్ చేయండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవ చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. స్టెంట్ తర్వాత వాడే రక్తం పలచబరిచే మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావానికీ దారితీయవచ్చు. ఏం వాడుతున్నారని అడిగితే, పేరున్న భాగం కత్తిరించిపోయిన స్ట్రిప్ ముక్కను నా బల్ల మీద పెట్టేవారు ఎందరో. ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకు అటొక చీటీ, ఇటొక చీటీ రాయించుకుని, ఒకే మందును రెండు పేర్లతో మింగేవారినీ చూస్తుంటాను. దయచేసి ఆ నొప్పి బిళ్ళలు ఆపించండి, గుండె మందులను మాత్రం సొంతంగా ఒక్కటి కూడా ఆపవద్దు.

ఇక జెల్ విషయం. దెబ్బతిన్న కండరాన్ని బాగుచేయాలని గుండెలోకి కణాలను ఎక్కిస్తే వాటిలో అధిక భాగం కొద్ది రోజుల్లోనే చనిపోతాయి లేదా కొట్టుకుపోతాయి. నీటిని పట్టి ఉంచే హైడ్రోజెల్ వాటికి ఆసరాగా నిలుస్తుందన్నది పరిశోధకుల ఆశ. మనుషుల్లో ఇప్పటిదాకా ఎక్కువగా పరీక్షించింది కణాలు లేని వట్టి జెల్‌నే. పంది గుండె కండరం నుంచి తయారైన వెంట్రిజెల్‌ను 15 మందిపై పరీక్షించి 2019లో ప్రచురించారు; అది ప్రధానంగా భద్రతను చూసిన తొలి దశ. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను 303 మందిలో పరీక్షించగా, గుండె సాగిపోవడం తగ్గలేదని 2016లో తేలింది. కాబట్టి ఇది ఇంకా ఆసుపత్రిలో అడిగి చేయించుకునే చికిత్స కాదు. ఎవరైనా డబ్బు కట్టమంటే ముందు క్లినికల్ ట్రయల్ నమోదు సంఖ్య అడగండి.

రేపు వెళ్లేటప్పుడు ఎకో రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు, రెండు వైపుల చీటీలు, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లాక, తినకముందే బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే వైద్యునికి చెప్పండి.